తాత చేతిలో చీటీ



ప్రతి జూన్‌లో బడి తెరిచిన మొదటి వారంలో మా ఇంగ్లీషు క్లాసులో పిల్లలు ఒక వ్యాసం రాస్తారు, వేసవి సెలవులు ఎలా గడిచాయని. ఈ మధ్య ఆ నోటు పుస్తకాల్లోకి దుబాయ్, బ్యాంకాక్, సింగపూర్, కౌలాలంపూర్ కూడా వచ్చి చేరుతున్నాయి. విమానం, హోటల్లో స్విమ్మింగ్ పూల్, రైడ్లు, చాక్లెట్లు అన్నీ వివరంగా రాస్తారు. స్పెల్లింగులు కూడా చక్కగా ఉంటాయి. వెంట వెళ్లిన తాతయ్య, నాయనమ్మల గురించి మాత్రం ఒక్క వాక్యమే ఉంటుంది. "మా నాయనమ్మ త్వరగా అలసిపోయింది." అంతే.

ఆ వాక్యంలో వ్యాకరణం తప్పు ఏమీ ఉండదు. దిద్దడానికి ఏమీ లేదు. కానీ వారం రోజులు పక్కనే ఉన్న మనిషి గురించి పిల్లలకు మిగిలింది ఇంతేనా అనిపిస్తుంది.

రాబోయే సెలవులకు మీలో చాలామంది ఇప్పటికే టికెట్ల ధరలు చూస్తూ ఉంటారు. అమ్మానాన్నలను, అత్తమామలను కూడా వెంట తీసుకెళ్దామని అనుకుంటూ ఉంటారు. అది చాలా మంచి ఆలోచన. మా కుటుంబం కూడా నిరుడు మే నెలలో అలాగే సింగపూర్ వెళ్లింది. తాత, అవ్వ, పెదనాన్న, పెద్దమ్మ, అమ్మ, నాన్న, చిన్నాన్న, పిన్ని, ఎనిమిదో తరగతి చదివే వాళ్ల అబ్బాయి, యూకేజీ పాప, నేను. మొత్తం పదకొండు మంది. ఆ ప్రయాణంలో నవ్వుకున్నవీ ఉన్నాయి, కన్నీళ్లు పెట్టుకున్నవీ ఉన్నాయి. మీకు పనికొస్తాయని వాటిలో కొన్ని చెబుతాను.

ముందు కాగితాల సంగతి. అవ్వ ఇంటిపేరు ఆధార్‌లో పొడి అక్షరంగా ఉంది, బ్యాంకు పుస్తకంలో పూర్తిగా ఉంది. రెండూ ఒకటి చేయించి పాస్‌పోర్టుకు పెట్టడానికే రెండు నెలలు పట్టింది. వెరిఫికేషన్‌కు కానిస్టేబుల్ ఇంటికి వస్తే అవ్వ కాఫీ ఇచ్చి, "మా ఇంట్లో ఎవరూ ఏ తప్పూ చెయ్యలేదు నాయనా" అని చెప్పింది. పిల్లల పాస్‌పోర్టులు సాధారణంగా 5 ఏళ్లకే ఇస్తారు కాబట్టి గడువు తెలియకుండానే దగ్గర పడుతుంది. సింగపూర్‌కు వెళ్లాలంటే పాస్‌పోర్టుకు కనీసం 6 నెలల గడువు మిగిలి ఉండాలి. చిన్నాన్న కొడుకుది నాలుగు నెలలే మిగిలి ఉందని ఫిబ్రవరిలోనే తెలియబట్టి సరిపోయింది. మన ప్రయాణికులు వీసాతోపాటు దిగడానికి ముందు 3 రోజుల్లోపల ఆన్‌లైన్‌లో అరైవల్ కార్డు నింపాలి. దానికి ఫీజు ఏమీ లేదు. అక్కడికి చూయింగ్ గమ్ తీసుకెళ్లకూడదు, నమిలే పొగాకు అసలే తీసుకెళ్లకూడదు. పెద్దవాళ్ల మందులకు డాక్టరు చీటీ వెంట ఉంచుకోవాలి. నిద్రమాత్రల్లాంటి కొన్నింటికి ముందుగానే అక్కడి అనుమతి తీసుకోవాలి. ఇవన్నీ ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్ తలుపుకు అంటించండి. ఇలాంటి పనులు వాట్సాప్ గ్రూపులో పెడితే గుడ్ మార్నింగ్ మెసేజ్‌ల కింద పోతాయి.

మాది నెల్లూరు కాబట్టి చెన్నై నుంచి విమానం ఎక్కాం. అవ్వ మోకాళ్ల కోసం టికెట్ తీసుకున్నప్పుడే వీల్‌చైర్ అడిగి పెట్టుకున్నాం. తాతకు కూడా అడుగుదామంటే ఒప్పుకోలేదు. ఆయన దక్షిణ రైల్వేలో 34 ఏళ్లు పనిచేశారు. సూళ్లూరుపేట, అరక్కోణం లాంటి చోట్ల ప్లాట్‌ఫారాల మీద నడిచిన మనిషి. "కుర్చీలో కూర్చుని రైలెక్కిన వాడిని కాదు, విమానం ఎక్కుతానా" అన్నారు.

మొదటి ఇబ్బంది గడియారంతో వచ్చింది. సింగపూర్ టైము మనకంటే రెండున్నర గంటలు ముందు. అవ్వ ఇంట్లో రోజూ నాలుగున్నరకు లేస్తుంది. అక్కడా ఆ అలవాటు ప్రకారమే లేచింది, కానీ గోడ గడియారం ఏడు చూపిస్తోంది. పుట్టి బుద్ధెరిగాక పొద్దెక్కి లేచింది ఇదే మొదటిసారి అని ఆవిడ సిగ్గుపడింది. పిల్లలు మాత్రం ఇంటి దగ్గర సెలవుల్లో లేచినట్టు ఏడున్నరకు లేచారు, అంటే అక్కడి పది గంటలకు. హోటల్లో టిఫిన్ పదింటితో ఆఖరు. పిన్ని పిల్లలను లేపలేక, పెద్దమ్మ ఆకలికి ఆగలేక మొదటి రోజు పొద్దున్నే మాటలు విసురుకున్నారు. ఎవరిదీ చెడ్డ మనసు కాదు. రెండున్నర గంటల తేడాకు ఇంత బలం ఉంటుందని ఎవరూ అనుకోలేదు.

రెండోది డబ్బు. అక్కడి డాలరు మన 60 రూపాయల పైమాటే. అవ్వ కాఫీ చూసినా, నీళ్ల సీసా చూసినా వెంటనే మనసులో లెక్క కట్టి, "వద్దులే, నాకు దాహం లేదు" అనేది. అక్కడ కొళాయి నీళ్లే తాగొచ్చని తెలిశాక సీసాలు నింపుకుని తిరిగాం, ఆవిడ దాహం కూడా తీరింది. ఖర్చులన్నీ పెదనాన్న ఒక పుస్తకంలో రాసేవారు. చిన్నాన్నకు అలా రాయడం నచ్చేది కాదు. ఆ ఇద్దరి మధ్య మాట పట్టింపు ఇంటికి వచ్చాక కూడా కొన్ని వారాలు నడిచింది. కలిసి వెళ్లేవాళ్లు ఎవరు ఎంత పెట్టుకోవాలో విమానం ఎక్కకముందే తేల్చుకుంటే మంచిదని మీకు నా సలహా.

సంతోషాలకూ లోటు లేదు. అక్కడ హాకర్ సెంటర్లు అని ఉంటాయి, ఒకే కప్పు కింద రకరకాల తిండి అంగళ్లు. మనవాళ్ల శాకాహారం కూడా దొరుకుతుంది. తిన్నాక ట్రే తీసుకెళ్లి నిర్ణీత చోట పెట్టడం అక్కడ నియమం. ఇంట్లో ఎప్పుడూ కంచం ఎత్తని చిన్నాన్న అక్కడ పదకొండు ట్రేలు మోశారు. పిన్ని దాన్ని ఫోటో తీసి ఇప్పటికీ దాచుకుంది. సాయంత్రం గార్డెన్స్ బై ది బేలో ఆ పెద్ద ఉక్కు చెట్లకు దీపాలు వెలిగితే మా పాప అవ్వ ఒళ్లో పడుకుని చూసింది. దానికి టికెట్ కూడా లేదు.

ఇప్పుడు అసలు విషయం చెబుతాను.

చెన్నైలో విమానం ఎక్కేదాకా మా ఇంట్లో మాట చెల్లేది తాతది. సింగపూర్‌లో దిగిన గంటకే మాట చెల్లేది ఎనిమిదో తరగతి అబ్బాయిది. వాడు ఇంగ్లీషులో గడగడా మాట్లాడతాడు. హోటల్ కౌంటర్ దగ్గర, టాక్సీ డ్రైవర్ దగ్గర, టికెట్ మెషీన్ దగ్గర ముందు నిలబడేది వాడే. ఒక ఇంగ్లీషు టీచరుగా వాణ్ని చూసి నాకు గర్వంగానే ఉండేది. కానీ అవ్వ ఏదైనా అడిగితే వాడి జవాబు ఒకటే, "నీకు అర్థం కాదులే అవ్వా, రా." వాడు పొగరుబోతు పిల్లాడేమీ కాదు. ఇంట్లో పెద్దల నోట, "వాళ్లకెందుకు చెప్పడం, మనం చూసుకుందాం" అన్న మాట విని విని నేర్చుకున్నాడు. ఎక్కడికి వెళ్తున్నాం, ఎలా వెళ్తున్నాం, ఎప్పుడు తిరిగి వస్తాం అనేవి ఫోన్లు ఉన్నవాళ్ల మధ్యే తేలిపోయేవి. తాత, అవ్వ వెనకాల నడిచి వచ్చేవారు. పాస్‌పోర్టులన్నీ భద్రంగా ఉంటాయని పెదనాన్న బ్యాగులో పెట్టారు. తాత ఫోన్‌కు అక్కడి సిమ్ వేయలేదు.

రెండో రోజు సాయంత్రం మెట్రోలో ఒక పెద్ద స్టేషన్‌లో లైను మారాల్సి వచ్చింది. జనం బాగా ఉన్నారు. చిన్నాన్న ఫోన్‌లో దారి చూస్తూ ముందు నడిచారు, మేమందరం వెంటపడ్డాం. ప్లాట్‌ఫారం అంచున పట్టాలకు అడ్డంగా అద్దాల తలుపులు ఉంటాయి. రైలు తలుపులూ అవీ ఒకేసారి తెరుచుకుంటాయి, ఒకేసారి మూసుకుంటాయి. జీవితమంతా రైళ్ల మధ్య గడిపిన మనిషి ఆ పని తీరు చూస్తూ ఒక్క క్షణం ఆగారు. హెచ్చరిక గంట మోగింది, తలుపులు పడ్డాయి. మేం పది మందిమి లోపల ఉన్నాం, తాత బయట ఉన్నారు.

అద్దంలోంచి ఆయన్ని ముందు చూసింది అవ్వే. ఆవిడ పెట్టిన కేక నాకు ఇంకా గుర్తుంది. రైలు కదిలింది. తరువాతి స్టేషన్‌లో దిగి, ఎదురు రైలు పట్టుకుని వెనక్కి రావడానికి పావుగంట పట్టి ఉంటుంది. ఆ పావుగంటలో ఒక్కొక్కరికీ ఒక్కొక్క విషయం గుర్తొచ్చింది. ఆయన దగ్గర పాస్‌పోర్టు లేదు, ఫోన్ పనిచేయదు, జేబులో ఒక్క డాలరు లేదు. హోటల్ పేరు ఆయనకు ఎవరూ చెప్పలేదు. పెదనాన్న చిన్నాన్నను అన్నారు, చిన్నాన్న పెదనాన్నను అన్నారు. అబ్బాయి ఒక్క మాట మాట్లాడలేదు.

మేం వచ్చేసరికి తాత అదే తలుపుకు ఎదురుగా ఉన్న బెంచీ మీద కూర్చుని ఉన్నారు. పక్కన స్టేషన్ ఉద్యోగిని ఒకావిడ నిలబడి ఉంది. ఆయన తన రైల్వే ఇంగ్లీషులో ఆవిడతో, "ఫ్యామిలీ గాన్. దే విల్ కమ్ బ్యాక్. ఐ వెయిట్ హియర్" అని చెప్పారట. తప్పిపోయినవాడు కదలకూడదు, వెతికేవాళ్లే రావాలి. ఈ సూత్రం ఆయన ఎంతమంది ప్రయాణికులకు చెప్పి ఉంటారో. భయపడలేదు, గాభరా పడలేదు. అవ్వ చెయ్యి పట్టుకుని, "ఏం లేదు, ఏం లేదు" అన్నారు.

రాత్రి భోజనం దగ్గర మాత్రం ఆయన చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. "ఆ అమ్మాయి చాలా మర్యాదగా ఏ హోటల్ సార్ అని అడిగిందిరా. చెప్పలేకపోయాను. తప్పిపోయిన వాళ్లకు 34 ఏళ్లు దారి చూపించినవాణ్ని. ఈ రాత్రి నేను ఎక్కడ పడుకుంటానో నాకే తెలియలేదు" అన్నారు. ఎవరి మీదా కోపంగా అనలేదు. అందుకే ఎవరికీ ముద్ద దిగలేదు.

తప్పు ఎవరిదన్న మాట మళ్లీ మొదలవబోతే అవ్వ అడ్డుపడింది. "ఎవరిదైతే ఏం? మాకు ఒక కాగితం మీద రాసివ్వండి. మా పాస్‌పోర్టులు మాకివ్వండి. రేపు ఎక్కడికి పోతున్నామో చెప్పండి" అంది. చాలా చిన్న కోరికలు. హోటల్ లెటర్‌హెడ్ మీద అబ్బాయే రెండు చీటీలు రాశాడు. హోటల్ పేరు, వీధి, దగ్గరి స్టేషన్, మూడు ఫోన్ నంబర్లు, ఒక పక్క ఇంగ్లీషులో, ఇంకో పక్క తెలుగులో. తెలుగులో రాయడానికి వాడికి చాలాసేపు పట్టింది. ఒత్తులు తాతే చెప్పారు. చీటీతోపాటు ఇద్దరికీ చెరో 50 డాలర్లు ఇచ్చాం.

తరువాత మెట్రో మ్యాప్ పరిచి మర్నాటి దారి చెప్పమన్నాం వాణ్ని. వాడు ఇంగ్లీషు మాటలతో మొదలుపెట్టాడు, "తాతా, ఇక్కడ ఇంటర్‌చేంజ్ ఉంది కదా, ఈ లైన్ నుంచి..." తాత ఆపి, "ఇంటర్‌చేంజ్ అంటే జంక్షనే కదరా. మన గూడూరు లాగా. ఒక దారి రేణిగుంటకు, ఒక దారి చెన్నైకి" అన్నారు. వాడు తల ఊపి మ్యాపంతా గూడూరు లెక్కలోనే చెప్పుకొచ్చాడు. చెప్పడం అయ్యేసరికి తాత, "ఇటు కాకుండా అటు మారితే ఒక స్టేషన్ తగ్గుతుంది చూడు" అన్నారు. నిజంగానే తగ్గింది. తనకు తెలిసింది తాతకు అర్థమయ్యే మాటల్లో చెప్పగలగడం వాడికి ఆ రోజే మొదటిసారి. అది ఇంగ్లీషులో గడగడా మాట్లాడటం కంటే కష్టమైన పని అని భాష చెప్పే టీచరుగా మీకు చెప్పగలను.

మూడో రోజు ఎక్కడికి వెళ్లాలో అవ్వను అడిగాం. "మీ ఇష్టం" అంది. మళ్లీ అడిగితే, "గుడి ఉందా?" అంది. సెరంగూన్ రోడ్డులోని శ్రీనివాస పెరుమాళ్ గుడికి వెళ్లాం. సింగపూర్‌లో నాలుగు అధికార భాషలు, ఇంగ్లీషు, మలయ్, చైనీస్, తమిళం. మెట్రోలో ప్రకటనలు తమిళంలో కూడా వస్తాయి. అరక్కోణం క్వార్టర్స్‌లో ఏళ్ల తరబడి ఉన్న అవ్వకు సంత తమిళం బాగా వచ్చు. రైల్లో ఆ ప్రకటన విని ఆవిడ నవ్వింది. "ఏమంటున్నాడు అవ్వా?" అని అబ్బాయి అడిగాడు. "దిగేటప్పుడు సందు చూసుకుని అడుగు వెయ్యమంటున్నాడు" అంది. లిటిల్ ఇండియాలో పూల అంగడి ముందు ఆవిడ తమిళంలో బేరం చేస్తుంటే వాడు సంచి పట్టుకుని పక్కన నిలబడ్డాడు. అక్కడ మాట్లాడింది ఆవిడ, అర్థం అడిగింది వాడు.

అన్నీ సర్దుకున్నాయని చెప్పను. నాలుగో రోజు అవ్వ మోకాలు వాచి హోటల్లోనే ఉండిపోయింది. సెంటోసా వెళ్లాలా వద్దా అని మళ్లీ వాదన జరిగింది. చివరికి రెండు జట్లుగా విడిపోయాం. పిల్లలూ చిన్నాన్న వాళ్లూ సెంటోసా వెళ్లారు, అమ్మ, నేను అవ్వ దగ్గర ఉన్నాం. మిగతావాళ్లు తాతతో బొటానిక్ గార్డెన్స్‌కు వెళ్లారు. యునెస్కో వారసత్వ జాబితాలో ఉన్న తోట అది, లోపలికి టికెట్ లేదు, కూర్చోవడానికి నీడ బాగా ఉంటుంది. కలిసి వెళ్లినంత మాత్రాన రోజంతా పదకొండు మందీ ఒకే చోట ఉండాలన్న నియమం ఏమీ లేదని ఆ రోజు తెలిసింది. రాత్రి ఎవరి కబుర్లు వాళ్లు చెప్పుకుంటే భోజనం దగ్గర ఇంకా సందడిగా ఉంది.

తల్లిదండ్రులుగా మీరు లక్షలు ఖర్చు పెట్టి పెద్దవాళ్లను విదేశం తీసుకెళ్తారు. వాళ్లకు మంచి గది, మెత్తని భోజనం, వీల్‌చైర్ అన్నీ చూస్తారు. వీటితోపాటు వాళ్లు ఎక్కడ ఉన్నారో వాళ్లకు తెలియాలి. రేపటి కార్యక్రమంలో వాళ్ల మాట ఒకటి ఉండాలి. ఊళ్లో నలుగురికి దారి చెప్పిన మనిషి పరాయి దేశంలో మనవడి చొక్కా పట్టుకుని నడవాల్సి వస్తే కాళ్ల నొప్పి కంటే అది ఎక్కువ బాధ పెడుతుంది. ఆ బాధ వాళ్లు మీకు చెప్పరు. "అలసిపోయాను" అంటారు.

మీ పిల్లలకు ఇంగ్లీషు బాగా రావాలని మీరు మా దగ్గరికి పంపుతున్నారు. మేం నేర్పుతాం. అయితే ఇంగ్లీషు వచ్చినవాడు ఇంట్లో అందరికీ దుబాసీ కావాలి గాని యజమాని కాకూడదు. సింగపూర్ బడుల్లో పాఠాలు ఇంగ్లీషులోనే సాగినా, దాంతోపాటు పిల్లలు తమ మాతృభాషను కూడా ఒక సబ్జెక్టుగా చదువుతారు. రెండూ పక్కపక్కన ఉండొచ్చని ఆ దేశమే చూపిస్తోంది. ప్రయాణంలో మీ పిల్లలకు ఒక పని అప్పగించండి. రోజూ రాత్రి మర్నాటి ప్రయాణం తాతయ్యకు, నాయనమ్మకు తెలుగులో వివరించడం వాళ్ల బాధ్యత. "ఇమిగ్రేషన్" అంటే ఏమిటో, "ట్రాన్సిట్" అంటే ఏమిటో ఇంగ్లీషు మాట వాడకుండా చెప్పమనండి. ఎంత కష్టమో వాళ్లకే తెలుస్తుంది. అది మేమిచ్చే హాలిడే హోంవర్కు కంటే మంచి హోంవర్కు.

పెద్దవాళ్ల ఫోన్‌కు కూడా సిమ్ వేయించండి. పాస్‌పోర్టు వాళ్ల దగ్గరే ఉండనివ్వండి, ఒక ఫోటోకాపీ మీ దగ్గర పెట్టుకోండి. తెలుగులో రాసిన చీటీ, కొంచెం అక్కడి డబ్బు వాళ్ల జేబులో పెట్టండి. రోజుకు ఒక చోటు వాళ్లు ఎంచుకున్నది ఉండాలి. మధ్యాహ్నం రెండు గంటలు ఏమీ పెట్టుకోకండి.

టికెట్లు కొనకముందే, వచ్చే ఆదివారం భోజనాల దగ్గర ఒకసారి అడగండి, "అక్కడ మీకేం చూడాలని ఉంది?" అని. "మీ ఇష్టం నాయనా" అంటారు. అక్కడితో ఆపకండి. రెండోసారి అడగండి. మూడోసారి మీ పిల్లలతో అడిగించండి.

మీ ప్రయాణం సుఖంగా జరగాలని కోరుకుంటూ, సెలవు.